పక్కతెర పిన్ని

ఆ వీధి పిల్లలు ఆమెకు పిన్నుల పిన్ని అని పేరు పెట్టారు. పెట్టిన పిల్లలు పెద్దవాళ్ళై మీసాలు దువ్వుకుంటున్నారు, వాళ్ళ పిల్లలు కూడా ఆమెను అలాగే పిలుస్తున్నారు. కుట్టుపని ఆమెది. బస్టాండు మలుపులో మంగలి షాపుకీ రొట్టెల షాపుకీ మధ్య ఒక ఇరుకు గది, అందులో ఒక మిషను, నిలువుటద్దం, కొక్కేలకు వేలాడే పరాయివాళ్ళ బట్టలు. కొలత సరిచేసేటప్పుడు గుండుసూదులన్నీ పెదాల మధ్య బిగించి పెట్టుకుంటుంది. అలాగని నోరు మూసుకుని ఉంటుందా? ఆ ఆశ పెట్టుకోకండి. సూది ఒక్కటీ కదలకుండా, నోటి పక్కనుంచి మాట్లాడేస్తుంది. ఆ మాట ఎదురుగా నిలబడ్డవాడికి గంట కొట్టినట్టు వినబడుతుంది, గడప అవతల ఉన్నవాడికి మాత్రం ఈగ రొద కూడా వినబడదు.

కోపం ముక్కు మీదే ఉంటుంది పిన్నికి. కానీ సూదులు అడ్డం కదా, అరవడానికి లేదు. అందుకని ఆ కోపమంతా గొణుగుడుగా బయటికొస్తుంది. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, కొత్త చొక్కా బిగుతైందని నానా రభసా చేశాడు. పిన్ని టేపు మెడలో వేసుకుని అతని చుట్టూ తిరుగుతూ, "పొట్ట పెంచేది ఒకరు, తిట్లు తినేది గుండీలు" అంది. అతను తనే పకపకా నవ్వి, రెండో చొక్కాకు కూడా గుడ్డ ఇచ్చిపోయాడు.

ఆ సమయానికి గంట మాస్టారు తన ప్యాంటు అంచు మడతకోసం స్టూలు మీద నిలబడి ఉన్నాడు. ఆయన బళ్ళో లెక్కలు చెబుతాడు, సాయంత్రాలు నాటకాలు రాస్తాడు, ఆడిస్తాడు, తెర లేచే ముందు గంట కూడా తనే కొడతాడు. వేరేవాళ్ళు కొడితే ఆయనకు నచ్చదు. పిన్ని మాట విని స్టూలు మీదే గిరుక్కున తిరిగాడు.

"అమ్మాయ్, ఇప్పుడన్నావే, అలాగే నోరు కదపకుండా ఇంకో మాట చెప్పు."

"మీరు కదిలితే సూది కాల్లో దిగుతుంది, నన్ననొద్దు."

"అదీ! అదీ కావాల్సింది!" అని మాస్టారు పొంగిపోయాడు. విషయమేమిటంటే, ఆయన బృందంలో పక్కతెర వెనక నిలబడి నటులకు మరిచిపోయిన మాటలు అందించే మనిషి ఒకడుండేవాడు. వాడి గొంతు ఎలాంటిదంటే, ముందు వాడి మాట వెనక వరుసదాకా వినబడేది, తర్వాత నటుడి మాట వినబడేది. జనం ఒక్క టికెట్టుకు రెండు నాటకాలు వింటున్నారని ఊరంతా వెక్కిరింత. మాస్టారు ఆ రోజే పిన్నిని బతిమాలి, ప్యాంటు సగం సూదులతోనే వేసుకుని, నాటకాల హాలుకు తీసుకుపోయాడు.

అలా పిన్ని పక్కతెర వెనక చేరింది. ఒక చిన్న బల్బు, దానికింద నాటకం కాయితాలు, కూర్చోవడానికి తలకిందులుగా బోర్లించిన డబ్బా. అప్పటికామెకు పెళ్ళి కాలేదు. నాటకాల పిచ్చి కూడా లేదు. మాస్టారి పోరు పడలేక వచ్చింది, అంతే.

ఆ బృందంలో ఎప్పుడూ రాజు వేషం వేసే మనిషి ఒకడున్నాడు. పగలు బస్సు కండక్టరు. "ముందుకు జరగండి!" అన్నాడంటే బస్సుతో పాటు రోడ్డు మీద మనుషులు కూడా ముందుకు జరిగేవాళ్ళు. ఆ గొంతుకే రాజు వేషాలు దక్కాయి, ఆ వేషాలవల్లే అందరూ రాజుగారు అనేవాళ్ళు. కానీ జ్ఞాపకశక్తి, అబ్బే! స్టాపులన్నీ నిద్రలో లేపినా వరసగా చెబుతాడు, నాటకంలో నాలుగు వాక్యాలు మాత్రం నాలుక మీద నిలవవు. అందుకని ఒక ఉపాయం నేర్చుకున్నాడు. మాట మరిచిపోయిన క్షణాన, ఏదో గాఢంగా ఆలోచిస్తున్నట్టు తల పక్కతెర వైపు వాల్చి ఎడమ చెవి అప్పగిస్తాడు. ఆ చెవిలో ఏది పడితే అది నోట్లోంచి గంభీరంగా బయటికి వచ్చేస్తుంది. మధ్యలో బుర్ర అనే స్టాపు లేదు.

ఆమె వెళ్ళిన మొదటి నాటకంలోనే కొంప మునిగింది. సింహాసనానికి ఒక కాలు విరిగి ఉంది. దాన్ని చేసిన వడ్రంగి మామ, తీరిక లేక, కాలికింద ఇటుక పెట్టి సరిచేశాడు. రంగం మధ్యలో ఎవరి కాలో తగిలి ఆ ఇటుక పక్కకు జరిగిపోయింది. రాజుగారు మంత్రితో మాట్లాడుతూ మాట్లాడుతూ, మాట మరిచి, తల వాల్చి, అదే ఊపులో కూర్చోబోతున్నాడు. పిన్ని అది చూసింది. చేతిలో ఉన్న కాయితం సంగతి మరిచి, ఒళ్ళు మండి, "ఇటుక పెట్టినవాణ్ణి అడక్కుండా కూర్చుంటే ఎంత రాజైనా కింద పడాల్సిందే!" అని గొణిగింది.

రాజుగారు కూర్చోవడం ఆపి, నిటారుగా నిలబడి, మంత్రి కళ్ళలోకి చూస్తూ, హాలు కప్పు ఎగిరిపోయేలా అన్నాడు: "ఇటుక పెట్టినవాణ్ణి అడక్కుండా కూర్చుంటే, ఎంత రాజైనా, కింద పడాల్సిందే!"

ఇక ఈలలు, చప్పట్లు, కుర్చీల మీద ఎక్కి ఊగడాలు. అవి పురపాలక ఎన్నికల రోజులు మరి. పొద్దున్నకల్లా ఆ మాట మంగలి షాపు అద్దం మీద సున్నంతో రాసి ఉంది. సాయంత్రానికి రెండు పార్టీలవాళ్ళూ అది తమను మెచ్చుకుంటూ అన్నదేనని మైకుల్లో ఊదరగొట్టారు. పక్కతెర వెనక పిన్ని మాత్రం డబ్బా మీద కూలబడి, "అయిపోయింది, నా కొలువు ఒక్కరోజు ముచ్చటే" అని తల పట్టుకుంది.

గంట మాస్టారు చిందులు తొక్కుతూ వచ్చాడు. "ఆ మాట నేను రాయలేదు! నా నాటకంలో ఇటుకే లేదు!" అన్నాడు. మర్నాడు బళ్ళో హెడ్మాస్టరు స్వయంగా చెయ్యి కలిపి, "ఆ ఇటుక మాట, ఆహా!" అన్నాక, మాస్టారి గొంతు కాస్త మెత్తబడింది. ఆ మర్నాటికి, "అది నాకు స్నానం చేస్తుంటే తట్టిందండీ" అని ఆయనే చెబుతున్నాడు. వడ్రంగి మామ ఒక్కడే నిజమైన సంతోషంతో తిరిగాడు. తన ఇటుకను గురించి ఊరంతా మాట్లాడుకోవడం ఏ వడ్రంగికి దక్కుతుంది చెప్పండి!

నాలుగు రోజులకు రాజుగారు పిన్ని షాపుకు వచ్చాడు, చొక్కా గుండీ ఊడిందంటూ. కుట్టిచ్చింది. మర్నాడు ఇంకో గుండీ. తర్వాతి రోజు జేబు. మళ్ళీ గుండీ. పిన్ని ఆ దారపు కొస అద్దం దగ్గర వెలుతుర్లో పెట్టి చూసింది.

"ఇది ఊడిందా, బ్లేడుతో కోశారా?"

రాజుగారు అలవాటు చొప్పున తల పక్కకు వాల్చాడు. అటుపక్క మాట అందించేవాళ్ళు ఎవరున్నారు? అందించాల్సిన మనిషి ఎదురుగా నిలబడి నవ్వాపుకుంటోంది. "కోశాను" అన్నాడు చివరికి. పిన్ని పెదాల మధ్య సూదులు నవ్వుకి జలజలా రాలిపోయాయి. వాళ్ళ పెళ్ళి ఆ విధంగా కుదిరింది.

ఇక ఆ తర్వాత చూడాలి తమాషా. పిన్ని గొణుగుడు ఆగేది కాదు, రాజుగారి చెవి మూసుకునేదీ కాదు. ఒకసారి హీరోయిన్ దుఃఖంలో ఊపిరాడక ఎక్కిళ్ళు పెడుతుంటే, "ముందు ఊపిరి పీల్చుకో, ఏడుపు ఎక్కడికీ పోదు" అని పిన్ని విసుక్కుంది. రాజుగారు ఆ అమ్మాయి తల నిమిరి అదే అన్నాడు. ఆస్పత్రి డాక్టరు ఆ మాట తన గదిలో అట్టమీద రాయించి పెట్టుకున్నాడు. ఇంకోసారి విషాద ఘట్టంలో ముందు వరుసలో ఎవరో వేరుశనక్కాయలు పటపటమని ఒలుస్తుంటే, "పక్కింట్లో శవం లేచినా నమిలేవాడు నములుతూనే ఉంటాడు" అంది. అది రాజుగారి నోట మోగేసరికి హాల్లో దవడలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మీసం ఊడి వేలాడుతున్నా గమనించని సేనాపతిని చూసి పళ్ళు నూరుతూ, "మీసం ఊడినా ఫరవాలేదు, మాట ఊడకూడదు" అంది. అది ఆ బృందానికి మంత్రమైంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదట అదే నేర్పేవాళ్ళు.

ఊరి దృష్టిలో అవన్నీ రాజుగారి మాటలు. ఆయన దొంగ కాదు పాపం. అడిగినవాడికల్లా, "అది మా ఆవిడ అన్న మాటండీ" అని నెత్తీ నోరూ బాదుకుని చెప్పేవాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని, "చూశారా, ఎంత వినయం! పెళ్ళాం మీద ఎంత ప్రేమ!" అనేవాళ్ళు. దాంతో ఆయన గౌరవం ఇంకో మెట్టు పెరిగేది. నిజం చెబితే నమ్మని ఊళ్ళో మనిషి ఏం చేస్తాడు?

పిన్నికి ఆ బాధేమీ లేదు. చొక్కా బాగుందంటే వేసుకున్నవాడు బాగున్నట్టే, దారాన్ని ఎవరు పొగుడుతారు అని నవ్వేసేది. అలాగని ఆమెను దేవతను చేసేయకండి. రొట్టె మాడితే ఆ వీధి మొత్తానికి తెలిసేది.

అసలు చిక్కు ఇంకోటి. పిన్ని దగ్గరకొచ్చి ఒక మంచి మాట చెప్పమని అడిగితే ఒక్క ముక్క రాదు. ఎంత ఆలోచించినా, "ఎండగా ఉంది" లాంటివే వస్తాయి. కోపం రావాలి, అదీ పక్కనుంచి రావాలి. బస్సులో ఎవరైనా, "రాజుగారూ, కొత్తగా షాపు పెడుతున్నా, బోర్డు మీదకి ఒక మాట" అని అడిగితే, ఆయన ఇంటికొచ్చి తడి తువ్వాలు మంచం మీద పడేసేవాడు. టీ సాసర్లో పోసి జుర్రుమని తాగేవాడు. కత్తెరతో కాయితం కోసేవాడు, బట్టల కత్తెరతో! పిన్ని గొణుగుడు మొదలుపెట్టగానే, చెప్పులు వేసుకుని, ఆ మాట పెదాలతో పట్టుకుని, మరిచిపోకుండా పరుగెత్తేవాడు. తాళాల షాపు మీద "తడి తువ్వాలు మంచం మీద వేసేవాడికి రాజ్యమిస్తే దేశమంతా బూజే" అని ఎందుకుందో ఆ షాపువాడికి ఇప్పటికీ తెలియదు. జనం మాత్రం ఆగి చదివి, అవునవునని తలూపి పోతుంటారు.

ఇలా ఏళ్ళు గడిచాయి. రాజుగారి కిరీటం కింద జుట్టు తెల్లబడింది. బస్సులో నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగాయి. డాక్టరు చూసి, "ఉద్యోగం ఎలాగూ అయిపోతోంది, ఇక రాజ్యం కూడా వదిలెయ్యండి" అన్నాడు. అప్పుడు ఆడుతున్నది సింహాసనం దిగి వెళ్ళిపోయే ఒక ముసలి రాజు నాటకం. ఇంకొక్కసారి ఆడి, ఆ వేషానికి సెలవివ్వాలని అందరూ అనుకున్నారు.

ఆ మాటలు జరుగుతున్న రోజుల్లోనే రొట్టెల షాపు అక్క తన గౌను వదులు చేయించుకోవడానికి వచ్చింది. అద్దం ముందు నిలబడి, "నిన్న ఆఖరి సీన్లో మీ ఆయన ముఖం చూశావా చెల్లీ! ఆ ముఖం చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. ఇంటికెళ్ళి మా ఆయన్ని ఊరికే పట్టుకుని ఏడ్చాను" అంది.

పిన్ని చెయ్యి ఆగిపోయింది.

"నేను చూడలేదక్కా."

"అదేంటి, నువ్వు అక్కడే ఉంటావుగా?"

"పక్కన ఉంటాను" అంది పిన్ని.

నిజమే కదా! ఇన్నేళ్ళుగా ఆమె చూసిన రాజు ఒక ఎడమ చెవి, సగం మీసం, కిరీటం అంచునుంచి జారే చెమట బొట్టు. చప్పట్లు మోగితే ఆ చెవి ఎర్రబడుతుంది, అది తెలుసు. చెవి ముందున్న ముఖంలో ఏమవుతుందో తెలియదు. ఇంట్లో కనబడే ముఖం సంగతి వేరు. అది ఎక్కువగా పేపరు వెనకో దుప్పటి కిందో ఉంటుంది. ఊళ్ళో రొట్టెలు చేసేవాళ్ళు, గడ్డాలు గీసేవాళ్ళు, బస్సెక్కేవాళ్ళు, అందరూ చూసిన తన మొగుడి ముఖం తనొక్కతే చూడలేదు! పిన్నికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వెంటనే కోపమొచ్చింది.

ఆ సాయంత్రం రాజుగారు చెప్పులు విడుస్తుండగానే చెప్పేసింది.

"ఈసారి నేను ముందు కూర్చుంటా. మూడో వరుసలో. నాటకం చూస్తా."

"మరి నా చెవికి?"

"మీ చెవికి వేరే దారి చూసుకోండి. ఇదే ఆఖరు. ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాను? నాకు మాత్రం కళ్ళు లేవా?"

రాజుగారు చేతిలోని చెప్పు గోడవారగా పెట్టాడు. "కూర్చో. నేను నేర్చుకుంటా" అన్నాడు. తువ్వాలు తీసుకెళ్ళి తీగ మీద ఆరేశాడు కూడా.

గంట మాస్టారికి ఈ సంగతి తెలిసి చేతులు పట్టుకున్నాడు. "అమ్మాయ్, నువ్వు ముందు కూర్చుంటే మా ప్రాణాలు పక్కతెర వెనక ఒంటరిగా కూర్చుంటాయి. వాడు కొంప ముంచుతాడు. కావాలంటే రిహార్సల్ ఎదురుగా కూర్చుని చూడు!"

"రిహార్సల్లో కిరీటం పెట్టరు, ఏడవరు, మధ్యలో టీ తాగుతారు. నాకు నాటకం కావాలి."

మాస్టారు గతిలేక, పక్కతెర పని వడ్రంగి మామకు అప్పగించాడు. మామ మంచివాడు, ఓపికస్తుడు. కాకపోతే చదవడం కొలతలు చదివినట్టు చదువుతాడు, ఒక్క అక్షరం వదలడు. మొదటి రిహార్సల్లో రాజుగారు చెవి వాల్చగానే మామ కాయితంలో ఉన్నది ఉన్నట్టు అందించాడు. రాజుగారు గుండె మీద చెయ్యి వేసుకుని, "కన్నీళ్ళు తుడుచుకుని, రెండడుగులు ముందుకు వేసి!" అని ప్రజలకు ప్రకటించాడు. ప్రజలు వేషం వేసినవాళ్ళు నవ్వలేక కింద కూర్చుండిపోయారు. మూల నిలబడ్డ పిన్ని పరుగున డబ్బా దగ్గరికి వెళ్ళబోయి, తన చెయ్యి తనే గిల్లుకుని ఆగింది.

రాజుగారు మాత్రం పట్టు వదల్లేదు. బస్సులో టికెట్లు కొడుతూ మాటలు వల్లించాడు. "ఓ ప్రజలారా, ఈ సింహాసనం, చిల్లర ఇవ్వండమ్మా, ఈ సింహాసనం నాది కాదు!" అని ఆయన అంటుంటే, ప్రయాణికులు మైమరిచి తమ స్టాపులు దాటిపోయారు. ఒక ముసలాయన ఏకంగా డిపోదాకా వెళ్ళి, తిరుగు బస్సులో మిగతా భాగం విని ఇంటికి చేరాడు. ఉద్యోగం ఆఖరి వారంలో ఇదేం గోలని డిపోలో వాళ్ళు నవ్వుకున్నారు. ఇంట్లో ఆయన వంటగది గోడకు అప్పజెబుతుంటే పిన్ని చెవుల్లో దూది పెట్టుకునేది. వింటే అందించకుండా ఉండలేదు పాపం.

ఆ రోజు రానే వచ్చింది. పిన్ని తనకోసం తను ఒక కొత్త గౌను కుట్టుకుంది. ఊరందరికీ కుట్టి, తనకు కుట్టుకోవడం ఎప్పుడో మానేసిన మనిషి! మూడో వరుసలో కూర్చుంటే అంతా కొత్తగా ఉంది. చేతుల్లో కాయితాల్లేవు, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. పక్క కుర్చీలో పొరుగూరినుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "మొదటిసారా అమ్మా?" అని అడిగింది. పిన్ని అవునని తలూపింది.

గంట మోగింది, తెర లేచింది. అప్పుడు చూసింది పిన్ని, రాజును, ఎదురుగా, నిండుగా! రెండు చెవులూ, రెండు కళ్ళూ, మీసం మొత్తం! ఆయన నవ్వితే కుడి బుగ్గమీద ఒక గీత పడుతోంది. ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ గీత ఎప్పుడు పడిందో ఆమెకు తెలియదు. కోపం నటిస్తే ముక్కు పుటాలు అదురుతున్నాయి. కూతురి వేషం వేసిన పిల్ల వెళ్ళిపోతుంటే, ఆయన ఏమీ అనకుండా, కనురెప్పలు మాత్రం దించాడు. హాలంతా నిట్టూర్చింది. ఓహో, ఆ చోట జనం నిట్టూర్చేది ఇందుకన్నమాట! కాయితంలో అక్కడ ఏమీ ఉండదు, ఖాళీ. తను ఆ ఖాళీలో ఇన్నాళ్ళూ పేజీ తిప్పుకునేది. పిన్నికి సంతోషంతో కడుపు నిండిపోయింది, అన్యాయం జరిగిందని ఉక్రోషం కూడా వచ్చింది, రెండూ ఒకేసారి.

రాజుగారు ఒక్క మాట తప్పలేదు. ఎడమవైపు ఒక్కసారీ తల వాల్చలేదు. పక్కతెర సందులోంచి గంట మాస్టారి కళ్ళు చూస్తే తెలుస్తోంది, ఆయన కూడా నమ్మలేకపోతున్నాడు.

ఆఖరి ఘట్టం వచ్చింది. రాజు సింహాసనం మెట్టు దిగి, జనానికి ఎదురుగా నిలబడి, న్యాయం గురించి, అధికారం గురించి మాస్టారు చెమటోడ్చి రాసిన పెద్ద మాట చెప్పి వెళ్ళిపోవాలి. రాజుగారు దిగాడు. "ఓ ప్రజలారా" అన్నాడు.

ఆగాడు.

అది నటన అనుకుంది హాలు. పిన్నికి తెలుసు, కాదు. పోయింది, మొత్తం పోయింది. ఆయన తల మెల్లగా ఎడమవైపు వాలింది. సరిగ్గా అదే క్షణాన పక్కతెర వెనక టప్పుమంది, బల్బు మాడిపోయింది. చీకట్లో వడ్రంగి మామ గాభరా రాజుగారి చెవిలో పడింది: "ఓరి నీ ఇల్లు బంగారంగానూ, లైటు పోయింది!"

"ఓరి నీ" అని రాజుగారి నోరు తెరుచుకుంది. మూసుకుంది. పెళ్ళికి ముందునుంచీ చెవిలో పడిందల్లా చెప్పిన మనిషి, మొదటిసారి నోరు మూసుకున్నాడు. తల ఎత్తి ముందుకు చూశాడు.

అప్పుడు కనబడింది పిన్నికి ఆ ముఖం. రాజు ముఖం కాదు అది. తప్పిపోయిన పిల్లాడి ముఖం, ఎవరైనా చెయ్యి పట్టుకుంటారా అని చూసే ముఖం. ఆయన మాట మరిచిన ప్రతిసారీ ఇలాగే ఉండి ఉంటుంది! పక్కనుంచి ఆమెకు వినబడింది మౌనమే. ఈయన మళ్ళీ మరిచాడురా బాబూ అని తను విసుక్కున్న ప్రతిసారీ, ఆ చెవికి అటుపక్క ఈ ముఖం ఉంది. "అయ్యో, నా తండ్రీ" అనుకుంది పిన్ని.

మాట ఆమె నాలుక చివరే ఉంది. మూడో వరుస దూరమేమీ కాదు. పెదాలు కదపకుండా అందిస్తే ఆయనకు చేరుతుంది, పక్కావిడకు కూడా తెలియదు. ఊపిరి తీసుకుంది.

రాజుగారి చూపు ఆమె మీద పడింది. కొత్త గౌనులో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ముందుకు వంగి కూర్చున్న పెళ్ళాన్ని ఆయన కూడా రంగస్థలం మీదనుంచి ఎప్పుడూ చూసి ఉండడు. ఎవరికీ తెలియనంత చిన్నగా తల అడ్డంగా ఊపాడు. వద్దు. నువ్వు చూడ్డానికి వచ్చావు, చూడు.

పిన్ని వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"ఓ ప్రజలారా" అన్నాడు రాజుగారు మళ్ళీ. బస్సులో అరిచే గొంతు కాదు, రాజు గొంతు కూడా కాదు. "దిగిపోయేముందు ఒక గొప్ప మాట చెబుదామనుకున్నాను. గుర్తు రావడం లేదు. ఇన్నాళ్ళూ మీరు మెచ్చుకున్న మాటల్లో నాదంటూ ఒక్కటీ లేదు. నా పక్కన నిలబడ్డ మనిషివి అవి. ఇవాళ నా పక్కన ఎవరూ లేరు. అందుకని నా సొంతం ఒకటి చెప్పి పోతాను, చిన్నదే." ఆయన కిరీటం మీద చెయ్యి వేశాడు. "నాకు భయంగా ఉంది. అయినా, మిమ్మల్నిలా ఎదురుగా చూస్తుంటే, భలే బావుంది."

కిరీటం తీసి సింహాసనం మీద పెట్టి, మోకాళ్ళు నొప్పి పెడుతుంటే పెట్టినట్టే, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

తెర పడగానే హాలు దద్దరిల్లింది. వెనక వరుసలో ఎవరో, "ఏ రాజైనా ఇంతవరకూ భయంగా ఉందని ఒప్పుకున్నాడట్రా!" అని అరుస్తున్నాడు. రొట్టెల షాపు అక్క కుర్చీ ఎక్కి ఏడుస్తూ ఈల వేస్తోంది. గంట మాస్టారు, తన పెద్ద మాట గంగలో కలిసిన సంగతే మరిచి, చేతిలో గంట ఊపేస్తున్నాడు. తెర మళ్ళీ లేచి రాజుగారు ముందుకు వచ్చి నిలబడ్డాడు. చప్పట్లు తగులుతుంటే ఆయన చెవులు రెండూ ఎర్రబడ్డాయి, ఆ చెవుల మధ్య ముఖం మొదటిసారి జీతం అందుకున్న కుర్రాడి ముఖంలా వెలిగిపోతోంది. పిన్ని లేచి నిలబడి అరచేతులు మండిపోయేలా చప్పట్లు కొట్టింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు ఖాళీ లేవు.

పక్క కుర్చీ పెద్దావిడ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఎవరు రాస్తారమ్మా ఇలాంటి మాటలు?"

"రాసింది కాదండీ. ఆయనే అన్నారు. సొంతంగా అన్నారు."

"నీకు తెలుసా ఆయన?"

"పక్కనుంచి చాలా ఏళ్ళుగా తెలుసండీ" అంది పిన్ని, వేదిక మీదనుంచి చూపు తిప్పకుండా. "ఎదురుగా ఇవాళే చూస్తున్నా."